చేతులు తీసినారా

పద్నాలుగు కాదు ఇరవై, కంప్యూటర్ల పదహార్ల లెక్కలో పద్నాలుగంటే మామూలు లెక్కలో ఇరవై, అంటే సున్నా నుంచి ఇరవయ్యో గడి, ఆ గడిలో ఏముంటుందో నాకు తెలుసు, ఆ గడులన్నీ వరసగా పేర్చింది నేనే కదా, కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించేలోపే ఎండ వచ్చి ఒళ్లో కూచుంది, కోవిల్‌పట్టి బస్టాండులో బస్సు ఇంకా గుర్రుమంటూ నిలబడే ఉంది, కండక్టరు సాత్తూరు విరుదునగర్ మదురై అని ఒకే ఊపిరిలో అరుస్తున్నాడు, ఒళ్లో కాగితం, కాగితం మీద కంప్యూటరు చచ్చేముందు కక్కిన పదిహేడు వరసలు, మొదటి వరసలోనే ఆ అంకె, ఆరు సున్నాలు, ఒకటి, నాలుగు, మూడు నెలల్లో పదకొండు సార్లు చచ్చింది, పదకొండు సార్లూ ఇదే అంకె, ఒక్కసారైనా వేరేది వచ్చి ఉంటే నాకు కొంచెం మర్యాదగా ఉండేది, పక్క సీటావిడ కాగితంలోకి తొంగిచూసి జాతకమా అని తమిళంలో అడిగింది, అలాంటిదే అన్నాను.

నాలుగేళ్లుగా డ్రైవర్లు రాస్తున్నాను, బస్సు తోలేవాళ్లు కాదు, కంప్యూటరుకూ డిస్కు పెట్టెకూ మధ్య మాటలు మోసే చిన్న ప్రోగ్రాములు, మదురైలో మాది నలుగురి కంపెనీ, యజమాని ప్రభాకరన్ సార్‌తో కలిపి నలుగురం, విరుదునగర్‌లో ఒక బ్లడ్ బ్యాంకు వాళ్లు రక్తం సంచుల వివరాలన్నీ లైనక్సు మిషనులో ఎక్కిస్తారు, ఎక్కించినవి పోయి చేరేది ఆ మిషను పక్కన బల్ల మీద విడిగా ఉండే డిస్కు పెట్టెలో, ఆ పెట్టెకు డ్రైవరు రాసింది నేను, పెట్టె ఎక్కడుందో చెప్పే చిరునామా ఒకటి డ్రైవరు దగ్గర ఉంటుంది, పాయింటరంటారు, పెట్టె లేకపోతే ఆ చిరునామా సున్నా, నల్, అక్కడ ఎవరూ లేరని అర్థం, ఎవరూ లేని ఇంట్లోకి దూరి ఇరవయ్యో గడిలో చెయ్యి పెడితే లైనక్సు ఊరుకోదు, ఉన్నవన్నీ ఉన్నచోటే ఆపేసి ఈ పదిహేడు వరసలు కక్కి పడుకుంటుంది, ఇరవయ్యో గడిలో ఉండేది పెట్టె చేతిలో ఇంకా ఎన్ని పనులు మిగిలున్నాయనే సంఖ్య, అంటే లేని పెట్టెను పట్టుకుని నీ చేతిలో ఇంకేమైనా పనుందా అని ఎవరో అడుగుతున్నారు, అడిగేది నా కోడే, బదులు చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు, కానీ నేను పోయిన ప్రతిసారీ పెట్టె బల్ల మీదే ఉంది, వదులు వైరేమోనని రెండుసార్లు వైరు మార్చాం, కరెంటును అనుమానించలేదు, కరెంటు పోయినా యూపీఎస్ ఉంది, మరి పెట్టె ఎప్పుడు లేకుండా పోతోందో నాకు తెలియదు, తెలియకుండానే మందు రాసేశాను.

మందు మూడు వరసలు, చిరునామా సున్నానా అని చూడు, సున్నా అయితే లోపలికి పోకు, వెనక్కి వచ్చి, పంపిన ప్రోగ్రాముకు పని అయిపోయిందని చెప్పు, అంతే, శనివారం మదురైలో అచ్చం అలాంటి మిషనే పెట్టి నలభై సంచుల వివరాలు ఒకదాని వెంట ఒకటి పంపిస్తూ మధ్యలో పెట్టె వైరు పీకి మళ్లీ పెట్టాను, తెర మీద అయింది అయింది అయింది అని నలభై సార్లు వచ్చింది, మిషను చావలేదు, ప్రభాకరన్ సార్ అందరికీ టీ చెప్పాడు, టీ వచ్చేలోపు అలవాటు కొద్దీ డిస్కులో ఎన్ని ఉన్నాయో చూస్తే ముప్పైతొమ్మిది, పంపడంలోనే ఒకటి తప్పిపోయి ఉంటుందని అనుకున్నాను, అబద్ధం, అనుకోలేదు, అలా అనుకుందామని తీర్మానించుకున్నాను, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తనను ఎవరూ చూడలేదనుకుంటుందట, నేనైతే చూసి మరీ కళ్లు మూసుకున్నాను, టీ బాగానే ఉంది, ఇవాళ పొద్దున ఫోనులో ప్రభాకరన్ సార్, మూడు వరసలకు మూడు వారాలా కర్పగం, పన్నెండులోపు పెట్టేసి డాక్టరు చేత సంతకం తీసుకుని రా, ఇవాళ కాకపోతే మన సరుకంతా తీసి వీధిలో పెడతామంటున్నారు, ఈ ఒక్కటీ పోయిందంటే మనం నలుగురం కలిసి పరోటా కొట్టు పెట్టుకోవాల్సిందే అన్నాడు, నవ్వుతూనే అన్నాడు గానీ గొంతులో నవ్వు లేదు, ఆ మూడు వరసల సీడీ నా సంచిలో ఉంది, దాని మీద అమ్మ పెట్టిన పల్లీల కడలమిఠాయి పొట్లం ఉంది.

పొట్లం నాకు కాదు, కాళియమ్మ పెద్దమ్మకు, విరుదునగర్ ఆసుపత్రిలో ఉంది, గర్భసంచి తీసేస్తారట, అమ్మ తెల్లవారి పొయ్యి ముందు కూచుని నా వైపు చూడకుండా చెప్పింది, కాళియక్కకు బేస్తారం ఆపరేసను మా, రెండు సంచి రగతం ఎక్కించాల అంట, నువ్వు పోయే తావునుంచేనంట, మంచిదిగా సూసి ఇయ్యమని సెప్పిపెట్టు, రగతంతో నాకేమి వేల మా, నాది కంప్యూటరుదా అన్నాను, ఇంట్లో నా నోటికి కూడా ఆ మాటలే వస్తాయి, వేల అంటే పని, దా అంటే మాటకు బలం, కంప్యూటరేదా సెప్తాదంట, ఏది మంచిది ఏది సెడ్డది అని, కాళియక్క కూతురు సెప్పె, అమ్మ చెప్పింది నిజమే, పరీక్షలో పనికిరాదని తేలిన సంచికి అక్కడ మిషనులో ఎర్ర గుర్తు పెడతారు, ఎర్ర గుర్తు లేనిదంతా మంచిదే, అడిగినవాళ్లకు ఇచ్చేస్తారు, మరి ఎర్ర గుర్తు పెట్టి, తెర మీద అయింది అని చూసుకుని, ఆ గుర్తు డిస్కుకు చేరకపోతే, నలభైలో ఆ పోయిన ఒక్కటి అదైతే, ఈ ఆలోచన పొద్దుననే వచ్చింది, ఇడ్లీ తింటూ పక్కకు నెట్టేశాను, ఇప్పుడు ఎండతో పాటు మళ్లీ వచ్చి కూచుంది, నువ్వే పోయి చూసి రావచ్చు కదా మా అన్నాను, ఒకే ఊళ్లో ఉన్నన్నాళ్లూ వాకిలి దాటి ఆమె ఇంటికి పోని అమ్మ, పదమూడేళ్లుగా మిఠాయి, మురుకులు, నూనె సీసా ఎవరో ఒకరి చేత పంపించే అమ్మ, నాకు వేల ఉండాది అంది, ఆ మాట మీద మేమిద్దరం ఎప్పుడూ ముందుకు పోలేదు.

బస్సు కదిలింది, ఊరు దాటగానే తమిళ ఆడి మాసపు గాలి, రెండు పక్కలా నల్ల రేగడి నోరు తెరుచుకుని ఉంది, అక్కడక్కడా రేకుల షెడ్లు, అగ్గిపుల్లల కంపెనీలు, మాది నాగలాపురం, తమిళనాడులో తెలుగువాళ్ల ఊరు, వాన పడితే మిరప, పడకపోతే కోవిల్‌పట్టి, వరసగా మూడేళ్లు వాన లేక నాయన మమ్మల్ని కోవిల్‌పట్టికి తెచ్చాడు, అమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో చేరింది, నేను చదువుకున్నాను, హైదరాబాదులో ఆరు నెలల ట్రైనింగుకు పోతే అక్కడివాళ్లు నా తెలుగు విని, ఏమమ్మా మీ తాతమ్మ దగ్గర నేర్చుకున్నావా అని నవ్వేవాళ్లు, వేల అంటే సముద్రం ఒడ్డా అనేవాడు ఒకడు, తెలుగు అక్షరాలు బోర్డులు చూసి అక్కడే నేర్చుకున్నాను, అమ్మకు ఇప్పటికీ రావు, అక్కడ ఒక పెద్దాయన పాఠం చెబుతూ నల్ దగ్గర ఒక మాట అన్నాడు, సున్నా కాదని చూసుకుని లోపలికి పోవడం తేలిక, నువ్వు చూసిన తర్వాత, పోయే ముందు, ఆ సందులో ఎవరైనా లాగేస్తే ఏం చేస్తావో అది ఆలోచించు అన్నాడు, రాసుకున్నాను, రాసుకున్నవన్నీ చేస్తామా.

సాత్తూరు, కిటికీల దగ్గరికి దోసకాయల బుట్టలు వచ్చాయి, పక్క సీటావిడ రెండు కొని ఒకటి నాకు పెట్టింది, ఉప్పూ కారమూ అద్ది ఉంది, ఐదారుగురు దిగుతున్నారు, కండక్టరు ముందు తలుపు దగ్గర టిక్కెట్లు కొడుతూ తల తిప్పకుండానే వెనక అందరూ దిగినారా అని అడిగాడు, వెనకనుంచి ఎవరో దిగేశారు దిగేశారు పోనీ అన్నారు, విజిలు, బస్సు కదిలింది, కేకలు, ఒక ముసలావిడ ఒక కాలు మెట్టు మీద ఒక కాలు నేల మీద, చెయ్యి ఇంకా కమ్మీ పట్టుకునే ఉంది, రెండడుగులు బస్సుతో పాటు గెంతింది, డ్రైవరు బ్రేకు వేశాడు, ఏమీ కాలేదు, నింపాదిగా దిగి, నింపాదిగానే కండక్టరును, వాళ్లమ్మను, వాళ్లమ్మను కన్న ఊరును తిట్టి పోయింది, కండక్టరు వెనక్కి వచ్చి దిగేశారని చెప్పింది ఎవరయ్యా అన్నాడు, ఎవరూ చెప్పలేదు, అందరం విన్నాం, ఎవరూ చెప్పలేదు, నేను అడిగి ఆగే కదా విజిలు కొట్టింది అని ఆ మనిషి గొణుక్కుంటూ ముందుకు పోయాడు, బస్సులో ఒక్కరూ ఆయన మాట నమ్మినట్టు లేదు, నా చేతిలో దోసకాయ అలాగే ఉంది.

అడిగి ఆగే కదా, ఈ మాట నాకు పాతది, ఇదే మాట మా ఇంట్లో పదమూడేళ్ల కింద విన్నాను, అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు గుచ్చిన చట్రం చుట్టూ నలుగురు కూచుని పెట్టెల్లోకి నింపుతారు, ఒక్కోసారి రాపిడికి ఒక పుల్ల అంటుకుంటుంది, అంటుకుంటే ఎవరైనా సరే మొదట చెయ్యాల్సింది అగ్గిపుల్లల మందున్న చట్రాన్ని లాగి ఇసకలో పడెయ్యడం, మనుషులు పరిగెత్తడం తర్వాత, నీళ్లు తర్వాత, మొదట మందున్నది దూరం పోవాలి, కానీ లాగేముందు లాగే మనిషి చేయి అని అరవాలి, చుట్టూ ఉన్నవాళ్లు తీసినాం అనాలి, అది విన్నాకనే లాగాలి, ఎందుకంటే చట్రం పలకల మధ్య వేళ్లు ఉంటాయి, చేరిన రోజు నేర్పే మొదటి పాఠం ఇదేనట, తొంభై ఒకటిలో ఒక మధ్యాహ్నం అంటుకుంది, అమ్మ లాగింది, కాళియమ్మ పెద్దమ్మ కుడిచేతి రెండు వేళ్లు పలకల మధ్య నలిగి, కాలి, వంకరగా ఉండిపోయాయి, మిగతా వాళ్లకు చీర కూడా మాడలేదు, మేస్త్రీ అందరిలో అమ్మ పేరెత్తి అన్నాడు, కృష్ణమ్మాళ్ ఆగలేదు, భయపడి లాగేసింది అని, అమ్మ ఒక్కటే అంది, నేను చేయి అంటి, అందరూ తీసినాం అనిరి, కాళియక్క గొంతు కూడా నా సెవితో వింటి, ఆగిదా లాగితి, పెద్దమ్మ ఔననలేదు, కాదనలేదు, మీ అమ్మ లాగకపోయుంటే పదిమంది పోయుందురు అనేది అంతే, అప్పుడు నేను, పదమూడేళ్ల పిల్లను, లెక్కల్లో నూటికి నూరు వచ్చే పిల్లను, ఇంటికొచ్చి అమ్మను అడిగాను, నువ్వు ఆగి ఉంటే ఆమె వేళ్లు ఎట్లా నలుగుతాయి మా, అమ్మ నన్ను చూసింది, ఆ తర్వాత ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు, కిటికీలోనుంచి దుమ్ము వస్తోంది, తలుపు మూశాను.

మందున్నది మొదట దూరం పోవాలి, ఆగు, ఈ మాట అమ్మ ఒక్కతే కాదు, ఇంకెవరో అన్నారు, ఈ మధ్యే, పోయిన శుక్రవారం, బ్లడ్ బ్యాంకులో రామసుబ్బన్న, మా ఊరి దగ్గరి విళాత్తికుళం పక్క మనిషి, అక్కడ అటెండరు, నేను నాగలాపురమని తెలిసినప్పటినుంచి నాతో తెలుగే మాట్లాడతాడు, ఎవరన్నా ఈ పెట్టెను ఆపుతున్నారా అన్నా అని అడిగితే, ఎవరూ ఆపలేదు మా, నేను ఈ తావులోనేదా ఉండినా అన్నాడు, ఆ తర్వాత ఇంకేదో చెబుతూనే ఉన్నాడు, పదేళ్లు అగ్గిపెట్టె కంపెనీలో ఉన్నానని, మందు దగ్గర పనిచేసిన చెయ్యి అని, మందున్నదాన్నే మొదట దూరం చెయ్యాలని, నాకు కావలసిన బదులు వచ్చేసింది కాబట్టి నేను వినడం ఆపేశాను, తెర చూస్తూ తల ఊపాను, ఆ పదకొండు సార్లూ ఎవరి షిఫ్టో కూడా నేను చూడలేదు, విరుదునగర్ వచ్చేసింది, దిగేటప్పుడు రెండు కాళ్లూ నేల మీద పెట్టి, కమ్మీ వదిలి, దిగాను అని గట్టిగా చెప్పాను, కండక్టరు వింతగా చూశాడు.

బ్లడ్ బ్యాంకులో పదకొండున్నర, డాక్టరు ఇంకా రాలేదు, బల్ల దగ్గర నర్సు సంచుల నంబర్లు కొడుతోంది, పెట్టె బల్ల మీదే ఉంది, రామసుబ్బన్న పక్కనే స్టూలు మీద, రా మా, అమ్మ బాగుండాదా అన్నాడు, నేను అడగబోతుండగానే ఫ్యాను నిదానమై ఆగిపోయింది, కరెంటు పోయింది, యూపీఎస్ కూత పెట్టింది, నర్సు కొడుతూనే ఉంది, రామసుబ్బన్న లేచాడు, తొందర లేదు, కంగారు లేదు, పెట్టె మీద ఒక చెయ్యి వేసి, మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు, చేయి అన్నాడు, ఒక్క క్షణం ఆగాడు, వైరు లాగి పెట్టెను ఎత్తి రెండడుగుల అవతల గోడవార పెట్టాడు, తెర నల్లబడి పదిహేడు వరసలు వచ్చాయి, మొదటి వరస నేను చూడక్కర్లేదు.

నాకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు, ఎందుకన్నా లాగినావు అన్నాను, మొదట ఎత్తాల్సింది దీన్నేదా మా, అన్ని వివరమూ దీంట్లోదా ఉండాదని డాక్టరు సెప్పె, కరెంటు మళ్లా వచ్చేటప్పుడు గుబుక్కున వస్తాది, కాలిపోతే ఏమి సేసేది, ఏది పోకూడదో దాన్ని మొదట దూరం సేసేయాల, నాకు సెప్పలేదే అన్నాను, ఎవరు ఆపినారనిదా నువ్వు అడిగితివి, నేను ఆపలేదే, ఎత్తి పెడితి, కరెంటు రాగానే ఉన్న తావులోనే పెట్టేస్తా, ఆయన మీద తప్పు పట్టడానికి నా దగ్గర ఏమీ లేదు, లాగేముందు అడుగుతావా అన్నా అన్నాను, అడక్కుండా ఎట్లా మా, చేయి అని సెప్పి, కొంచెం సేపు ఆగి, అప్పుడుదా లాగుతా, బదులు రాదు కదన్నా, మిషనుకు నోరేది మా అని నవ్వాడు, నేను సంచి ఒళ్లో పెట్టుకుని ఆ స్టూలు మీదే కూచున్నాను, నోరు ఉందన్నా, శనివారం నేనే పెట్టాను, ఈ సంచిలోనే ఉంది, చేయి అని ఎవరడిగినా, వేళ్లు లోపలే ఉన్నా సరే, తీసినాను అని చెప్పే నోరు, ఇన్నాళ్లూ పిచ్చి మిషను బదులు చెప్పలేక అరిచి చచ్చిపోయేది, చచ్చిపోతే కనీసం నర్సు ఆ సంచిని మళ్లీ కొట్టేది, నేను పెట్టబోయే మందుతో అరుపు ఉండదు, చావు ఉండదు, ఎర్ర గుర్తు ఒకటి ఎవరికీ తెలియకుండా పోతుంది, బేస్తవారం ఆ సంచి ఎవరి చేతికి ఎక్కుతుందో, వంకర వేళ్ల చెయ్యి ఒకటి కళ్ల ముందుకు వచ్చింది, నాకు భయమేసింది, సిగ్గేసింది.

బయటికి వచ్చి ప్రభాకరన్ సార్‌కు ఫోను చేశాను, పెట్టలేదు సార్, పెట్టను అన్నాను, ఎందుకో చెప్పాను, ముప్పైతొమ్మిదా, ఎప్పుడు చూశావు, శనివారమే సార్, టీ తాగినాకా, తాగకముందే, ఫోనులో ఆయన టేబులు ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది, ఎన్ని రోజులు కావాలి అన్నాడు, శుక్రవారం దాకా, పెట్టెను లాగేముందు నొక్కడానికి తెర మీద ఒక మీట పెడతాను సార్, అది నొక్కగానే డ్రైవరు కొత్త పని తీసుకోదు, చేతిలో ఉన్నవి పూర్తయ్యేదాకా ఆగి అప్పుడు లాగవచ్చని చెబుతుంది, ఎవరైనా అడక్కుండా లాగేస్తే మిగిలిన ప్రతి పనికీ కాలేదు అనే చెబుతుంది, కాలేదని ఎర్రగా చెబుతుంది, అన్నిటికీ చెప్పాకే చిరునామా చెరపాలి, డాక్టరు ఒప్పుకోకపోతే అన్నాడు, పరోటాకు పిండి నేను పిసుకుతాను సార్ అన్నాను, ఆయన నవ్వలేదు గానీ ఫోను పెట్టెయ్యలేదు కూడా, సరే మాట్లాడు అన్నాడు, డాక్టరు పన్నెండుంబావుకు వచ్చాడు, విన్నాడు, సంతకం పెట్టలేదు, శుక్రవారం దాటితే వద్దులే అన్నాడు, అప్పటిదాకా మిషనును నమ్మొద్దు సార్, పనికిరాని ప్రతి సంచి మీదా ఎర్ర కలంతో మీరే గుర్తు పెట్టండి, ఇప్పటికే ఉన్నవన్నీ పరీక్ష కాగితాలతో ఒక్కొక్కటీ సరిచూడండి అన్నాను, నర్సు మొహం ముడుచుకుంది, రామసుబ్బన్న మాత్రం కలం జేబులో పెట్టుకుని వెంటనే అల్మారా తెరిచాడు.

ఆసుపత్రి రెండు వీధుల అవతల, పొట్లం చేతిలో పట్టుకుని నడుస్తున్నాను, ఎండ నడినెత్తిన ఉంది, పప్పుల గోదాముల ముందు బస్తాలు దింపుతున్నారు, నలభై అయింది, ముప్పైతొమ్మిది ఉంది, నలభై మందీ తీసినాం అన్నారు, ఒక చెయ్యి లోపలే ఉంది, మంట ముందు కూచున్న మనిషి చేయి అని వినబడగానే ముందు తీసినాను అనేస్తుంది, తియ్యడం తర్వాత, అందరూ అన్నారు కాబట్టి తనూ అంటుంది, అబద్ధం ఆడాలని కాదు, అలా నోటికి వచ్చేస్తుంది, సాత్తూరులో దిగేశారు అన్న గొంతు కూడా అలాంటిదే, అడిగినవాడు అడిగాడు, ఆగినవాడు ఆగాడు, బదులు కూడా వచ్చింది, అయినా చెయ్యి కమ్మీ మీదే ఉంది, ఆగి ఉంటే వేళ్లు ఎట్లా నలుగుతాయి మా అని అడిగిన పిల్లకు నూటికి నూరు వచ్చేవి, ఆ పిల్ల లెక్క తప్పు, ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడ్డాను, పెద్దమ్మను నేనేమీ అడగను, మిఠాయి ఇచ్చి, ఆ చెయ్యి పట్టుకుని కాసేపు కూచుంటాను, సాయంత్రం బస్సుకు ఇంటికి పోయి అమ్మకు చెప్పాల్సింది ఒక్కటే ఉంది, నువ్వు ఆ రోజు ఆగినావు మా.